పాత ఫోర్‌వీల్ డ్రైవ్ క్యాంపర్‌ను బాగుచేయడం ఎలా?

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ చేతికి రాగానే చాలామంది ముందుగా కొనేవి పెద్ద టైర్లు, బంపర్ మీదకు లైట్ల బారు. కింద చూస్తే బ్రేక్ పైపులు తుప్పు పట్టి ఉంటాయి, డిఫరెన్షియల్‌లో (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. ఆ వరుస తలకిందులు. ముందు బండిని కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో ఆ స్థితికి తీసుకురండి. వెయ్యి కిలోమీటర్లు తిప్పండి. అప్పటికీ ఏదైనా తక్కువగా అనిపిస్తే దాన్ని మాత్రమే మార్చండి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్‌వీల్ డ్రైవ్. ముందు డబుల్ క్యాబిన్, వెనక తొట్టి, 2523 సీసీ డీఐ డీజిల్ ఇంజన్. హార్స్‌పవర్ అరవై చిల్లరే. కానీ తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, మండల కేంద్రంలో కూడా దాన్ని విప్పగల మెకానిక్ దొరుకుతాడు. స్కార్పియో గెటవే, టాటా జెనాన్ లాంటి వాటికీ ఈ పద్ధతే పనికొస్తుంది. అయితే వాటిలో కామన్‌రైల్ (కంప్యూటర్ నియంత్రణలో డీజిల్ చిమ్మే) ఇంజన్, స్విచ్‌తో పడే ఫోర్‌వీల్ ఉంటాయి కాబట్టి ఎలక్ట్రికల్ పని ఎక్కువవుతుంది, స్కానర్ ఉన్న వర్క్‌షాప్ కావాలి. మొదటిసారి చేస్తున్నవారికి క్యాంపరే నయం.

కొనేముందు కాగితాలు

బండి కింద పడుకుని చూడటానికి ముందు ఆర్‌సీ చూడండి. క్యాంపర్లు ఎక్కువగా గూడ్స్ కింద రిజిస్టర్ అయి ఉంటాయి. ఎల్లో బోర్డు అయితే ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ప్రైవేటు రిజిస్ట్రేషన్ అయితే 15 ఏళ్లకు ఆర్‌సీ రెన్యువల్, అక్కడి నుంచి ఐదేళ్లకోసారి. 2022 ఏప్రిల్ నుంచి కారు తరగతి బండి రెన్యువల్ ఫీజు రూ. 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో రూ. 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఈ లెక్కంతా బండి ధరలో కలిపి చూసుకోండి.

ప్రభుత్వ శాఖ వాడిన బండి అయితే ఇంకా జాగ్రత్త. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. అవి స్క్రాప్ కేంద్రానికే వెళ్లాలి. అలాంటిది వేలంలో చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే మీరు కొనేది బండిని కాదు, ఇనుమును. ఎప్పుడో వేలంలో అమ్ముడై, ప్రైవేటు వ్యక్తి పేరు మీదకు మారి, ఆర్‌సీ నడుస్తున్న బండి అయితే ఇబ్బంది లేదు.

పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతిలో పడేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షల వల్ల దిల్లీ వైపు నుంచి చవక బళ్లు చాలానే వస్తుంటాయి. ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ కలిపి చూస్తే ఆ చవక మిగలకపోవచ్చు. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును ఆర్‌సీతో పోల్చండి. నంబర్ దగ్గర గ్రైండింగ్ గీతలు, కొత్త వెల్డింగ్ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

బండిని చూడటం

యజమానికి ముందే చెప్పండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే తీరులోనే సగం విషయం తెలుస్తుంది. స్టార్టవగానే కాస్త తెల్లపొగ వచ్చి పోతే ఫరవాలేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే డీజిల్ చిమ్మే నాజిళ్లో, కంప్రెషనో, హెడ్ గ్యాస్కెటో చూడాల్సిందే. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువో, గాలి తక్కువో. ఆయిల్ పోసే మూత తీసి, ఇంజన్ నడుస్తుండగా ఆ రంధ్రం మీద అరచెయ్యి ఆనించండి. గాలి గట్టిగా తంతుంటే పిస్టన్ రింగులు అరిగాయి.

కిలోమీటర్ల మీటర్‌ను అంతగా నమ్మకండి. దొంగతనంగా తిప్పారని కాదు. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ల దగ్గరో, క్వారీల్లోనో కాంట్రాక్టర్ కింద నడిచిన క్యాంపర్ రోజంతా స్టార్టింగ్‌లోనే ఉంటుంది. మీటర్‌లో 80 వేలే కనిపించినా ఇంజన్ పనిచేసిన గంటలు అంతకు ఎన్నో రెట్లు. అలాంటి బండిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, ఫిల్టర్ దాటాక ఉండే పైపు లోపల తెల్లగుడ్డతో తుడవండి. దుమ్ము అంటితే ఆ ఇంజన్ కొన్నాళ్లుగా దుమ్ము మింగుతోందన్నమాట. అప్పుడు ఇంజన్ పని ఖర్చు తగ్గించుకునే బేరమాడాలి.

ఛాసిస్‌కు చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ చాలు. సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. ముఖ్యంగా వెనక కమాన్ పట్టీల (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు) హ్యాంగర్లు, క్యాబిన్ వెనకాల మట్టి నిలిచే చోటు, బాడీ మౌంట్లు చూడాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరాల్లో తిరిగిన బండి అయితే ఇది ఇంకా ఓపిగ్గా చూడండి. రేకు తుప్పు పట్టిందని బెంగ పెట్టుకోకండి, రేకు మార్చొచ్చు. ఛాసిస్ పోతే బండి పోయినట్టే.

ఇక ఫోర్‌వీల్. దీన్ని తారురోడ్డు మీద పరీక్షించకూడదు. ఇలాంటి పాత బళ్లలో ఉండేది పార్ట్‌టైమ్ సిస్టమ్. లివర్ వేయగానే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు (యాక్సిళ్లకు శక్తిని అందించే పొడవాటి గొట్టాలు) గట్టిగా జతపడి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్టులు, క్రాస్‌ల (షాఫ్ట్ చివర ఉండే వంగే జాయింట్లు) మీద పడుతుంది. కాబట్టి పొలం దారికి తీసుకెళ్లండి. మెల్లగా నడుస్తూ 4హెచ్ (మామూలు గేర్లతో ఫోర్‌వీల్) వేయండి, పూర్తిగా ఆపి 4ఎల్ (తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేయండి. తర్వాత సమతలం మీద ఆపి, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద ఉంచండి. ఫ్రీవీల్ హబ్‌లుంటే (ముందు చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే, విడదీసే లాక్‌లు) రెండూ లాక్ చేసి, లివర్ 4హెచ్‌లో ఉంచి, ఇంజన్ ఆపే ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండో చక్రం ఎదురు దిశలో తిరగాలి. తిరగకపోతే ఏదో ఒక వైపు హబ్బో, యాక్సిలో పనిచేయట్లేదు.

విప్పడం, ఛాసిస్ పని

విజయవాడ ఆటోనగర్‌లో చేయించినా, మీ ఊళ్లో షెడ్డులో చేయించినా ఒకటే సూత్రం: సామాను మీరే కొనండి, కూలి మెకానిక్‌కు ఇవ్వండి. బేరింగులు, సీళ్లు, బోల్టులకు సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట ఒకపూట తిరిగితే మంచి కంపెనీవి దొరుకుతాయి. బేరింగ్ మీద, సీల్ మీద ఉన్న నంబరు రాసుకుని వెళ్లండి. బండి పేరు చెప్పి అడిగితే షాపువాడి దగ్గర ఏదుంటే అది ఇస్తాడు.

విప్పే ప్రతి భాగాన్నీ ఫోన్‌లో ఫొటో తీయండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేసే అలవాటు మన షెడ్లలో ఎక్కువ. ఒక్కో భాగానికి ఒక్కో కవర్, దాని మీద మార్కర్‌తో పేరు. బిగించేటప్పుడు ఇదే రోజుల పని మిగుల్చుతుంది.

తొట్టి తీసేస్తే ఛాసిస్ అంతా బయటపడుతుంది. ప్రెజర్ వాటర్‌తో కడిగి, ఆరబెట్టి, తుప్పు ఉన్నచోట వైర్ బ్రష్‌తో గీయించండి. బడ్జెట్ ఉంటే సాండ్ బ్లాస్టింగ్. తుప్పు తిన్న రేకు మీద ఇంకో రేకు అతికించి వెల్డ్ చేయనివ్వకండి. మధ్యలో నీరు చేరి రెండూ పోతాయి. తిన్న భాగం కోసేసి అదే మందం ప్లేటుతో పూర్తిగా వెల్డ్ చేయించాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు రెండూ ఊడదీసి, ఆల్టర్నేటర్ కనెక్షన్ కూడా తీయండి. డీజిల్ ట్యాంక్ దించి దూరంగా పెట్టించండి. ఛాసిస్ నంబర్ ఉన్న చోటుకు టేపు వేసి గ్రైండర్ తగలకుండా చూడండి. ఆ నంబర్ చెరిగితే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగడం మొదలవుతుంది.

శుభ్రమైన ఇనుము మీద అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మన వర్షాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా పలుచగా తుప్పు మళ్లీ వచ్చేస్తుంది. దాని మీద రెండు కోట్లు ఛాసిస్ బ్లాక్. ఛాసిస్ పెట్టె లోపలికి రంధ్రాల్లోంచి మైనం లాంటి యాంటీరస్ట్ స్ప్రే చేయించండి. కింద నీరు కారే రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

బ్రేకులు, స్టీరింగ్

ఇక్కడ డబ్బుకు వెనకాడకండి. రబ్బర్ గొట్టాలన్నీ కొత్తవి, ఇనుప పైపుల్లో తుప్పు ఉన్నవన్నీ కొత్తవి, మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లకు కిట్లు. లోపలి గోడ గీతలు పడితే కిట్ సరిపోదు, సిలిండరే మార్చాలి. పాత బ్రేక్ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదించకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిపించండి.

బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. మీ బండి రిజర్వాయర్ మూత మీద ఏది రాసి ఉంటే అదే. అత్యవసరంగా ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు అక్కడక్కడ ఉంది. దాంతో రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేక్ పట్టేస్తుంది. బ్రేక్ పైపుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడివైపు స్టీరింగ్ ఉన్న మన బళ్లలో సాధారణంగా ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. వెనక యాక్సిల్‌కు లోడ్ సెన్సింగ్ వాల్వ్ (బరువును బట్టి వెనక బ్రేకును సర్దేది) ఉంటే దాని లివర్ కదులుతోందో లేదో చూడండి. పట్టేసి ఉంటే ఖాళీ బండికి వెనక చక్రాలు ముందే లాకవుతాయి.

స్టీరింగ్ ఊగుడుకు మెకానిక్ వెంటనే స్టీరింగ్ బాక్సే కారణమంటాడు. ముందు టైరాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివరి జాయింట్లు), చక్రం తిరిగే కింగ్‌పిన్ బేరింగులు లేదా బాల్‌జాయింట్లు, వీల్ బేరింగులు, ముందు పట్టీల బుష్‌లు చూడమనండి. ఒకరు స్టీరింగ్ కొద్దిగా అటూఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద ప్రతి జాయింట్ మీద వేలు పెడితే ఎక్కడ ఆడుతోందో అక్కడే తెలుస్తుంది. బాక్స్ మార్చాల్సి రావడం అరుదు.

కమాన్ పట్టీలు కట్టలు విప్పి, శుభ్రం చేసి, విరిగిన పట్టీ మార్చి, కొత్త బుష్‌లతో ఎక్కించండి. రబ్బర్ బుష్‌లున్న షాకిల్ (పట్టీ చివరను ఛాసిస్‌కు కలిపేది) బోల్టులను బండి గాల్లో ఉండగా బిగించకండి. చక్రాల మీద దించి, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే బుష్ మెలిపడి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది.

ఇంజన్

స్టార్టింగ్ బాగుండి, పొగ లేకపోతే ఇంజన్ విప్పకండి. "ఎలాగూ బండి విప్పాం కదా, బోరింగ్ కూడా చేయించేద్దాం" అనేది లేత్ షాపుకు లాభం తప్ప మీకు కాదు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండి, ఆయిల్ తాగకుండా ఉంటే నాజిళ్లు టెస్ట్ చేయించి, డీజిల్ పంపు క్యాలిబ్రేషన్ (సరైన కొలతకు సర్దడం) చేయించి ఆపేయండి. పాతవాళ్లు ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారింది. బాష్ టెస్ట్ బెంచ్ ఉన్న షాపులోనే ఈ పని ఇవ్వండి. స్క్రూ తిప్పి "పికప్ పెంచుతాను" అనేవాళ్లకు పంపు ఇవ్వొద్దు. వచ్చేది నల్లపొగ, పోయేది టర్బో.

టర్బో ఉంటే గాలి పైపు తీసి లోపలి ఇరుసును వేళ్లతో కదపండి. పక్కలకు స్వల్పంగా ఆడితే మామూలే. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు తగిలినా పని ఉంది.

ఇంకో అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేస్తారు. దాంతో ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బోర్ తొందరగా అరుగుతుంది. అసలు తప్పు చాలావరకు రేడియేటర్‌దే. బోరునీళ్లు పోసి పోసి లోపల గొట్టాలు తెల్లగా పూడిపోయి ఉంటాయి. రేడియేటర్ పైకప్పు విప్పించి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి. కుదరకపోతే కోర్ మార్పించండి. కొత్త థర్మోస్టాట్, కొత్త హోస్‌లు, కొత్త రేడియేటర్ మూత వేసి కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. మూత చిన్నదే, కానీ ప్రెజర్ నిలబెట్టేది అదే.

గేర్‌బాక్స్ దించితే క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనకాల ఉండే ఆయిల్ సీల్ చూడకుండా ఎక్కించకండి. సీల్ ఖరీదు తక్కువే, దాని కోసం మళ్లీ దించే కూలే ఎక్కువ.

ఫోర్‌వీల్ వ్యవస్థ

ఈ బండి కొన్నది దీనికోసమే కదా. చిత్రమేమిటంటే ఎక్కువ బళ్లలో ఈ వ్యవస్థ అరగదు, వాడక పాడవుతుంది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని రెండు యాక్సిళ్లకూ పంచే పెట్టె), ముందు, వెనక డిఫరెన్షియళ్లు నాలుగింట్లోనూ ఆయిల్ ఖాళీ చేయండి. ప్రతి దాన్నీ విడిగా శుభ్రమైన పళ్లెంలో పట్టండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. డ్రైన్ నట్టు అయస్కాంతానికి నల్లటి మెత్తటి పేస్ట్ ఉండటం సహజం. ముక్కలు, పలుకులు దొరికితే మూత విప్పాల్సిందే.

ఆయిల్ ఎంపికలో ఒక మెలిక ఉంది. డిఫరెన్షియళ్లకు జీఎల్-5 గ్రేడ్ గేర్ ఆయిల్ కావాలి. గేర్‌బాక్స్‌కు చాలా పాత మాన్యువళ్లు జీఎల్-4 అడుగుతాయి. జీఎల్-5లో ఉండే గంధకం రసాయనాలు గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగుల్ని (గేర్ సాఫీగా పడేలా చేసేవి) తినొచ్చు. "అన్నిటికీ ఒకే ఆయిల్ పోసేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి. మాన్యువల్ చూసి ఏది ఎందులోకో చీటీ రాసి ఇవ్వండి.

తర్వాత బ్రీదర్లు. యాక్సిల్ హౌసింగ్ మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ మారేడుమిల్లి దారిలో వాగులోకి దిగిందనుకోండి. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీళ్లను లోపలికి లాగుతుంది. బ్రీదర్ శుభ్రం చేసి, దానికి మామూలు డీజిల్ హోస్ తగిలించి బానెట్ ఎత్తు దాకా తీసుకెళ్లి కట్టండి. ఈ బండికి మీరు చేయగల అతి చవకైన, అతి మంచి అప్‌గ్రేడ్ ఇదే.

ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పే ముందు రెండు ముక్కల మీదా పెయింట్ గీత పెట్టండి. స్లిప్ జాయింట్‌ను ఒక పన్ను తేడాగా ఎక్కించినా రెండు చివరల క్రాస్‌లు వరస తప్పి బండి వణుకుతుంది. క్రాస్‌లు చేత్తో తిప్పితే గట్లు తగిలినట్టు ఆగుతుంటే మార్చండి. ఫ్రీవీల్ హబ్ లోపల గ్రీజు కూరకండి. అక్కడ పలుచటి పూత చాలు. ఎక్కువైతే పళ్లు కదలక హబ్ లాకవదు. గ్రీజు నింపాల్సింది వీల్ బేరింగుల్లో.

ఇప్పుడు చాలామంది చూడనిది. ఎప్పుడో వెనక హౌసింగ్ పగిలితే పాతసామాను షాపులో దొరికిన ఇంకో హౌసింగ్ బిగించి ఉంటారు. దాని క్రౌన్ పినియన్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో) ముందు దానితో కలవకపోతే టూవీల్‌లో బండి చక్కగా నడుస్తుంది. ఫోర్‌వీల్ వేశారంటే ముందు వెనక ఒకదానితో ఒకటి కొట్లాడి ఏదో ఒకటి విరుగుతుంది. మహీంద్రా పాత జీపుల్లోనే 5.38, 4.88 రెండు రకాలూ ఉన్నాయి, తేడా పది శాతం. పరీక్ష తేలిక. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, వెనక ఒక చక్రాన్ని మాత్రమే లేపండి, రెండోది నేల మీదే కదలకుండా ఉండాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు సుద్దగీత చూసి లెక్కపెట్టాలి. ఐదుకు కాస్త తక్కువైతే 4.88, ఐదున్నరకు దగ్గరైతే 5.38. లివర్ టూవీల్‌లో ఉంచి, హబ్ లాక్ చేసి ముందు వైపూ ఇలాగే చేయండి. రెండు లెక్కలూ ఒకటైతేనే ఫోర్‌వీల్ వాడండి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలనేదీ ఇందుకే.

కరెంటు, బాడీ

పాత వైరింగ్‌లో సగం జబ్బులు ఎర్త్ దగ్గరే. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజన్‌కు, క్యాబిన్‌కు కొత్త ఎర్త్ తీగలు, కింద ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. హెడ్‌లైట్లు మసగ్గా ఉంటే వందవాట్ల బల్బులు పెట్టేయకండి. పాత స్విచ్, సన్నటి వైరు కాలిపోతాయి, చట్టమూ ఒప్పుకోదు. 60/55 వాట్ల హాలోజెన్‌నే ఉంచి, బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజ్, రిలే ద్వారా కరెంటు ఇవ్వండి. అదే బల్బు ఎంత వెలుగిస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

టింకరింగ్‌లో లప్పం మందంగా మెత్తకుండా రేకు సరిచేయమనండి. అనుమానం ఉంటే చిన్న అయస్కాంతం ఆనించండి. లప్పం దట్టంగా ఉన్నచోట అంటుకోదు. తొట్టి అడుగున రబ్బర్ మ్యాట్ వేస్తే దాని కింద నీళ్లు నిలిచి రేకు తినేస్తుంది. అడుగుకు పూత వేయించి మ్యాట్ మానేయడం మేలు. రంగు ఆర్‌సీలో ఉన్నదే వేయండి. మార్చాలనుకుంటే ముందు ఆర్టీవో దగ్గర రాయించుకోవాలి.

వెయ్యి కిలోమీటర్లు, తర్వాత అప్‌గ్రేడ్

మొదటి 500 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు, కమాన్ యూబోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు మళ్లీ బిగించండి. కొత్త పట్టీలు సర్దుకుని యూబోల్టులు కచ్చితంగా వదులవుతాయి. ఆయిల్ మట్టాలు, లీకులు చూడండి. వెయ్యి అయ్యాక ఏం కావాలో మీకే తెలుస్తుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. బుల్‌బార్లు 2017 డిసెంబర్‌లోనే నిషేధించారు, పైగా అవి ప్రమాదంలో దెబ్బ తాకిడిని నేరుగా ఛాసిస్‌కు అందిస్తాయి. కాబట్టి ఇంకో ఇంజన్ ఎక్కించడం, ఎత్తు పెంచే కిట్లు, ఇనుప బంపర్లు వదిలేయండి. ఎత్తు పెంచితే షాఫ్ట్ కోణం మారి క్రాస్‌లు తినేయడం వేరే తలనొప్పి.

మిగిలిన వాటిలో టైర్లే పెద్ద తేడా తెస్తాయి. ఆర్‌సీ, మాన్యువల్ అనుమతించే సైజులోనే ఆల్‌టెర్రైన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) రకం తీసుకోండి. సైజు ఎందుకు ముఖ్యమో ఒక లెక్క. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, 235/75 ఆర్ 15 అయితే 733. తేడా నాలుగు శాతం పైనే. మీటర్ అంత తక్కువ చూపిస్తుంది, అరవై చిల్లర గుర్రాల ఇంజన్‌కు ప్రతి గేరూ అంత బరువవుతుంది. మీ దారులు నల్లరేగడిలో అయితే ఆల్‌టెర్రైన్ గాడులు రెండు చుట్లకే మట్టితో నిండిపోతాయి. అక్కడ వెడల్పు గాడుల మడ్ టైర్లే పనిచేస్తాయి. రోడ్డు మీద వాటి హోరు భరించాలి.

పవర్ స్టీరింగ్ లేని బండికి అదే మోడల్ పై వేరియంట్‌లోని కంపెనీ సామాను దొరికితే అది పెట్టించుకోవడం మంచి ఖర్చు. తర్వాత మంచి సీట్లు, సీట్ బెల్టులు. ముందూ వెనకా ఛాసిస్‌కే బోల్టు చేసిన లాగుడు కొక్కేలు ఉండాలి. బురదలో దిగబడితే బంపర్‌కు తాడు కట్టి లాగితే బంపర్ ఊడి వస్తుంది. ఒక పెద్ద తాడు, పార, టైరు గాలి పంపు, ప్రెజర్ గేజ్ ఉంటే చాలు. దిగబడినప్పుడు టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి చూడండి. చాలాసార్లు ఇంకో బండి అవసరం పడదు. తారు ఎక్కేముందు మాత్రం మళ్లీ నింపాలి. బండిని తాడుతో లాగే విన్చ్ కొనాలనిపిస్తే ముందు ఏడాది పాటు ఎన్నిసార్లు దిగబడ్డారో చూసుకోండి.

నెలకోసారైనా మట్టిదారిలో నాలుగైదు కిలోమీటర్లు ఫోర్‌వీల్ వేసి నడపండి. వాగు దాటి వచ్చిన వారం లోపు డిఫరెన్షియల్ నట్టు వదులు చేసి ఆయిల్ రంగు చూడండి. ఇక ఇన్సూరెన్స్. సీట్లు, స్టీరింగ్, విన్చ్ లాంటివి ఏవి మార్చినా బిల్లులతో కంపెనీకి రాసి పాలసీలో చేర్పించండి. చేర్పించని మార్పు క్లెయిమ్‌కు అడ్డం పడొచ్చు. ఫిట్‌నెస్‌కు వెళ్లే రోజు తొట్టిలో సామానంతా దించి, నాలుగు ఇండికేటర్లు, రివర్స్ లైటు, హారన్, హ్యాండ్‌బ్రేక్ ఇంటి దగ్గరే ఒకసారి చూసుకుని బయల్దేరండి.